చేతికివ్వని ఉలి కోసం రేవు దాటి

మూడు నెలల కిందట ఉలి జారి నా ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. ముప్పయ్యేళ్లు పిల్లలకు ఫిజిక్సు చెప్పినదాన్ని, చెక్కను ఎడమచేత్తో పట్టుకుని అదే చేతి వైపు ఉలి తోశాను. పరీక్షలో ఎవరైనా అలా రాస్తే సున్నా వేసేదాన్ని. కుట్లు విప్పాక డాక్టరు, “వేలికి పట్టు వస్తుందో రాదో వాడితేనే తెలుస్తుందండి” అన్నాడు. వాడటానికి ఉలి ఉండాలి కదా! తుప్పు పట్టిన పాత ఉలులు కొని, శుభ్రం చేసి, కొత్త పిడులు వేసుకోవడం రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి. అలా పోగుచేసిన ఏడింటినీ నేను ఆసుపత్రిలో ఉండగానే మా కోడలు సుజాత పాత ఇనప సామాన్లవాడికి వేసేసింది. ప్రేమతోనే. ప్రేమతో చేసినదానికి కోప్పడే వీలుండదు, అదే దానితో ఇబ్బంది.

అప్పటికి ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుండేది. ఆ వేలు దేన్నీ గట్టిగా పట్టేది కాదు. ఎడమచేతిని పమిటలో దాచి, అన్నీ కుడిచేత్తోనే కానిచ్చేదాన్ని. నిజంగా వాడి చూస్తే తేలిపోతుందని భయం.

నర్సాపురం రేవుకి అవతల, సఖినేటిపల్లి దాటాక, సత్యం గారనే పడవల వడ్రంగి పాత ఉలులు అమ్ముతున్నారని తెలిసి, ఒక మంగళవారం ఉదయం ఎనిమిదింటికి భీమవరంలో పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ డబ్బు లేదు. సుజాతకి నర్సాపురంలో లేసు కొంటానని చెప్పాను. గంటకి కాస్త పైగా పట్టింది. బస్టాండులో ఆటో ఎక్కి రేవుకి పొమ్మంటే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

“లేసు కొట్లు ఇటున్నాయి కదండీ మామ్మగారూ, రేవుకెందుకండీ?”

లేసు మాట నేనే అనేశాను కాబోలు. “నాకు కావలసిన లేసు ఇనుముతో అల్లుతారయ్యా. పోనియ్యి.”

“ఆయ్, అలాగేనండి,” అన్నాడు, అద్దంలో నన్ను అనుమానంగా చూస్తూ.

చించినాడ వంతెన మీదుగా వెళ్లొచ్చుగానీ చుట్టు తిరుగుడు. మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు మీదైతే పావుగంటలో అవతలి ఒడ్డు. మోటారుసైకిళ్ల మధ్య నించుని ఎడమచేత్తో కమ్మీ పట్టుకున్నాను. నడిమధ్యలో గాలికి పంటు ఊగింది. నాలుగు వేళ్లు కమ్మీని పట్టాయి, అయిదోది పక్కింటి పెళ్లికి వచ్చినట్టు చూస్తూ ఊరుకుంది. కుడిచెయ్యి కూడా కమ్మీ మీద వేశాను. గోదారికి భయపడి కాదు.

అవతల షేర్ ఆటోకి ఇరవై రూపాయలు. కాలవగట్టు మీద, కట్టడం సగంలో ఆగిన చెక్కపడవ పక్కన కూర్చుని ఉన్నారు సత్యం గారు. ఫైబరు పడవలు వచ్చాక ఆయన ఉలులకి పని తగ్గింది. ఒక వెడల్పాటి ఉలి తీసుకున్నాను. పైన తుప్పున్నా వీపు నున్నగా ఉంది. ఆయన తుమ్మచెక్క పిడి చెక్కి, అది చీలకుండా పొన్ను తొడిగి, ఉలిని నా ముందు బల్ల మీద పెట్టారు.

“చేతికివ్వచ్చు కదండీ,” అన్నాను.

“ఇనుము చేతికివ్వనండి. మీరే తీసుకోవాలి. ఉలి పట్టే చేత్తో తీయండి, పిడి సరిపోయిందో లేదో చూడాలి.”

కుడిచేత్తో తీయబోయాను.

“సుత్తి దేంతో కొడతారండీ మరి?”

ఎడమచెయ్యి చాచాను. ఉలి బల్ల మీంచి లేచింది, జానెడు ఎత్తులో జారి నా చెప్పు పక్కనే మట్టిలో దిగబడింది. గట్టు దిగువనే ఉన్న ఇంటి వాకిట్లోంచి సత్యం గారి భార్య “అయ్యో!” అంది. వేలికి పట్టు లేదని తేలిపోయిందనుకున్నాను.

సత్యం గారు ఉలిని చూడలేదు, నా మచ్చను చూశారు. “ఎన్నాళ్లయిందండీ?”

“ఆరు వారాలు. వేలు పట్టడం లేదండి.” పైకి చెప్పడం అదే మొదలు.

“పిడి సన్నమైంది, అంతే. పిడి మార్చొచ్చు, చెయ్యి మార్చలేం కదండీ.”

ఇంకో అరగంట చెక్కారు. ఈసారి పిడి లావుగా, బొటనవేలు ఆనేచోట కొంచెం పల్లంగా ఉంది. మళ్లీ బల్ల మీదే పెట్టారు. తీశాను. పడలేదు. ఒక తుమ్మముక్కను బల్లకి బిగించి కొట్టమన్నారు. మొదటి రెండు దెబ్బలకీ ఉలి పక్కకి తిరిగింది. మూడో దెబ్బకి తగరపు రేకంత పలచని చెక్కపేడు లేచింది.

“ఇంక డబ్బులివ్వండి,” అన్నారాయన. పిడితో సహా నాలుగొందలు.

మూడింటి పంటుకి తిరిగొచ్చాను. సుజాత, “లేసేదండీ అత్తయ్యగారూ?” అంది. పొట్లం విప్పి ఉలిని తన ముందు నేల మీద పెట్టాను, పక్కన నా ఎడమచెయ్యి కూడా. వేలు పట్టడం లేదని చెప్పాను. తను, “చెక్క బిగించడానికేదో ఉంటుంది కదా, దాని పేరేంటండీ?” అని ఆర్డరు పెట్టడానికి ఫోన్ తీసింది.

భయం పోలేదు. రోజూ పది దెబ్బలు కొడుతున్నాను. కొన్ని రోజులు ఆరు దగ్గరే వేలు ఆగిపోతుంది. కానీ ఇప్పుడు దేనికి భయపడుతున్నానో ఇంట్లో నాతోపాటు సుజాతకీ తెలుసు. ఉలులు కొనడానికి వెళ్లేవాళ్లకి ఒకటే మాట: ఎవరినీ అందివ్వమనకండి. మీరు పట్టే చేత్తో మీరే పైకి తీయండి, కాళ్లు కాస్త దూరంగా పెట్టుకుని.