అమ్మ ముఖానికి తెల్లరంగు

మొన్న శనివారం ఇక్కడ ఐర్లండ్‌లో, స్లైగో ఊళ్ళో, ఒకప్పుడు నాతో పనిచేసిన మా నైజీరియా అన్న బొమ్మల ప్రదర్శన మొదలైందంటే చూడటానికి వెళ్ళాను. తీరా వెళ్ళేసరికి మా తెలుగు ప్రార్థన కూటం పెద్దాయన అందరికంటే ముందే చేరి, అన్న భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగుతూ, ఎంతోకాలంగా ప్రాణస్నేహితులమని వచ్చిన తెల్లవాళ్ళందరికీ చెబుతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మనవాళ్ళం కొత్తగా ఈ దేశం వచ్చిన రోజుల్లో నేనూ ఆ అన్నా వృద్ధులుండే ఒకే నర్సింగ్ హోమ్‌లో పనిచేసేవాళ్ళం. నేను నర్సును, ఆయన ముసలివాళ్ళకు స్నానం చేయించి, అన్నం తినిపించే కేరర్. బొమ్మలు వేయడం ఆయన ఏ బడిలోనూ నేర్చుకోలేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో సెలూన్ బోర్డుల మీద తలకట్లు గీసి గీసి చెయ్యి తిరిగిందట. వాళ్ళ అమ్మమ్మ బట్టలకు నీలిమందు అద్దేదట. నల్లని ఒంట్లో నీలం దాగి ఉంటుందని ఆవిడ చేతులు చూసే తెలుసుకున్నానని చెప్పేవాడు. అందుకే ముఖాలకు ట్యూబులోని నలుపు ముట్టేవాడు కాదు, నీలమూ గోధుమరంగూ కలుపుకునేవాడు. టీ వేళ గ్లవుజుల పెట్టెల అట్ట మీద కూడా ఏదో ఒక ముఖం గీస్తూనే ఉండేవాడు.

ఒక ఏడు మా కూటం క్రిస్మస్ వేదిక వెనక పెట్టడానికి మరియమ్మ పెద్ద బొమ్మ కావాలంటే నేనే ఆయన్ని అడిగాను. మీ వైపు తల్లులు ఎలా ఉంటారని ఆయన అడిగితే మా అమ్మ ఫోటో ఇచ్చాను. ఎండలో నాట్లు వేసి, కలుపు తీసి నన్ను నర్సింగ్ చదివించిన మనిషి, విమానం ఎక్కి ఎరగదు. ఆయన మరియమ్మకు ఆ ముఖమే పెట్టాడు, ఆ దవడ ఎముకలు, ఆ నలుపు, అలసటలోనూ చెదరని ఆ చూపు. ఈ దేశంలో మా అమ్మను అలా చూసి వెక్కి వెక్కి ఏడ్చాను.

పెద్దాయన చూసి, "బాగానే ఉంది సిస్టర్, కానీ పండగ పూట కొంచెం బ్రైట్‌గా ఉండొద్దా?" అన్నాడు. ఆయనేమన్నా పాలమీగడ రంగా? మా అమ్మే ఆయనకంటే ఒక ఛాయ తెలుపు! బస్టాపులో కుర్రాళ్ళు తన రంగు చూసి ఏదో అరిచారని గార్డుల దగ్గరికి, అదే ఇక్కడి పోలీసుల దగ్గరికి, పరుగెత్తిన మనిషి కూడా ఈయనే. నేను గొడవపడ్డాను. అన్న మాత్రం ఆ ముఖం మార్చనని చెప్పి, ఏం ఫరవాలేదనడానికి ఇక్కడివాళ్ళు అనేలాగే "గ్రాండ్, సిస్టర్, గ్రాండ్" అంటూ కుంచెలు సర్దుకున్నాడు.

పండగనాడు డ్యూటీ దిగి వెళ్ళేసరికి, గోడలకు వేయగా మిగిలిన తెల్లరంగులో ఇంత గులాబీ కలిపి మా అమ్మ ముఖమంతా పూసేశారు. అన్న హాలు చివర నిలబడి కాసేపు చూసి, భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ మా కూటానికి రాలేదు. బొమ్మ ఫోటో పంపమని అమ్మ ఫోన్‌లో ఎన్నిసార్లు అడిగినా నాకు మనసొప్పలేదు. చూడకుండానే పోయింది.

కాలం మారిందంటారు. నిజమే, గ్యాలరీ గోడకెక్కాక ఆ నల్లని ముఖాలే మనవాళ్ళకు అందంగా కనిపిస్తున్నాయి. ఆ బొమ్మ మాత్రం ఇప్పటికీ ప్రతి డిసెంబరులోనూ అలాగే వేదిక ఎక్కుతుంది, మా మనవరాలు దాని ముందు నిలబడి పాట పాడుతుంది. ఆ రంగు కింద ఉన్నది నీ తాతమ్మే అని చెప్పాలని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. చెబితే, ఎవరు పూశారు అమ్మమ్మా అని అడుగుతుంది. మనవాళ్ళేనని దానికి ఎలా చెప్పను?