ఆ రాతి వెనకవైపు

ఆ ట్రిప్ ఎక్సెల్ షీట్ ఇంకా నా లాప్‌టాప్‌లోనే ఉంది. తీసేస్తే నన్ను నేను క్షమించుకున్నట్టవుతుందని ఉంచాను. పద్నాలుగో వరుసలో అల్సాస్‌లోని ఒక లోయ ఊరి పేరు. పక్కన, 11:40 నుంచి 12:30 వరకు. ఆ పక్క గడిలో, కొంగలు, చర్చి, ఫొటోలు. వెయ్యేళ్లు దాటిన ఊరికి మేమిచ్చింది యాభై నిమిషాలు. దాన్ని 'కవర్ చేయడం' అంటాం. ఆ మాట ఎవరైనా అంటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు అన్నవాణ్ణి నేనే కాబట్టి ఆ మంట తిరిగి నా మీదికే వస్తుంది.

ఆ ఊరు మా పక్కింటి ఆవిడది. మేము అమెరికాలోని క్యారీలో ఇల్లు కొన్నప్పటికే ఆవిడ ఎనభై దాటి ఒంటరిగా ఉంటోంది. ఫ్రాన్స్‌కు తూర్పు అంచున, జర్మనీని ఆనుకుని ఉన్న అల్సాస్‌లో పుట్టి, అమెరికన్ ఇంజనీర్‌ను పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చింది. భర్త పోయాడు. కంటిచూపులో నడిమి భాగం పోయింది, అంచులు మాత్రం కనిపిస్తాయి. అందుకే మనతో మాట్లాడేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటుంది. మా అమ్మాయి అందరినీ పిలిచినట్టే ఆవిడనూ ఆంటీ అంది. "నన్ను ఇంత చిన్నదాన్ని చేసిందెవరు?" అని ఆవిడ నవ్వింది. అప్పటి నుంచి మా ఇంటిల్లిపాదికీ ఆంటీయే.

గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది మేము యూరప్ ట్రిప్ వేసుకున్నాం. ఎక్కడికీ కదలకుండా గడిపిన ఏళ్ల ఆకలి అది. మూడు కుటుంబాలు, ఒక వ్యాన్, ఎనిమిది రోజులు. అటువైపు వెళ్తున్నామని తెలిసి ఆంటీ నన్ను వరండాలోకి పిలిచి, పాత క్యాలెండర్ వెనక లావు మార్కర్‌తో ఊరి మ్యాప్ గీసింది. చూడకుండానే గీసింది, చెయ్యి ఎక్కడా తడబడలేదు.

మధ్యలో ఒక వాగు. దాని ఒడ్డున ఎప్పుడో క్రైస్తవ సన్యాసులు వచ్చి మఠం కట్టుకుని, ఆవుల్ని పెంచి, చీజ్ చేయడం మొదలుపెట్టారు. ఊరు ఆ మఠం చుట్టూ పెరిగింది, పెరిగాక మఠం మీదే తిరగబడింది. సగం మంది క్రైస్తవంలోనే కొత్తగా పుట్టిన శాఖలో కలిశారు, అందుకే అంత చిన్న ఊరికి రెండు చర్చిలు. చౌరస్తాలో నీటి తొట్టి, దాని మీద రాతి సింహం. ఆ సింహం మఠానికి వీపు పెట్టి కూర్చుంటుందట, ఊరివాళ్లు కావాలనే అలా కూర్చోబెట్టారని ఆంటీ గర్వంగా చెప్పింది. ఇప్పుడు మఠంలో మిగిలినవి కొన్ని గోడలు, వాటి మీద కొంగల గూళ్లు. తర్వాతి కాలంలో వాగు నీటితో బట్టల మిల్లులు నడిచాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పై కొండల మీదే రెండు సైన్యాలు ఏళ్ల తరబడి కాల్చుకున్నాయి, కింద ఊరు నుగ్గునుగ్గయింది. మళ్లీ ఆ కొండల గులాబి రాయితోనే కట్టుకున్నారు.

"మా అమ్మమ్మ ఒకే ఇంట్లో పుట్టి ఆ ఇంట్లోనే పోయింది. ఈలోపు ఫ్రాన్స్, జర్మనీల మధ్య నాలుగుసార్లు దేశం మారింది," అంది.

"మాకు ఒక్కసారి మారడానికే ప్రాణం పోయింది ఆంటీ," అన్నాను.

నవ్వింది. తర్వాత మార్కర్ మూతపెట్టి అసలు సంగతి చెప్పింది. రెండో యుద్ధంలో జర్మన్లు అల్సాస్‌ను కలుపుకుని అక్కడి మగవాళ్లను బలవంతంగా తమ సైన్యంలోకి లాక్కున్నారు. రానంటే ఇంట్లోవాళ్లను పట్టుకుపోయేవారు. మిల్లులో పనిచేసే ఆవిడ తండ్రిని రష్యాకు పంపారు. ఆయన తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక చర్చి పక్కన స్మారక శిల మీద పోయినవాళ్ల పేర్లు చెక్కారు, ఆయన పేరు తప్ప. ఆయన ఇష్టపడి వెళ్లాడని ఎవరో అన్నారట. అది అబద్ధమని ఆవిడ తల్లి బతికినన్నాళ్లూ ఊరి ఆఫీసుకు ఉత్తరాలు రాసింది. వెనకవైపు చోటుంది, ఎప్పుడైనా చూస్తామని ఒకసారి జవాబు వచ్చింది. అంతే.

"కొంగల ఫొటోలు నాకొద్దు," అంది ఆంటీ. "రాతి వెనకవైపుకి వెళ్లు. మా నాన్న పేరుందేమో చూడు. ఉంటే దాని మీద చెయ్యి పెట్టు. లేకపోతే లేదని చెప్పు. రెండూ తట్టుకుంటాను. తెలియకుండా పోవడమే నాకు ఇష్టం లేదు."

అంతకన్నా సులువైన పని నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

షీట్ తయారుచేసింది మాతో ట్రిప్‌కు వస్తున్న, హెర్న్‌డన్‌లో ఉండే మిత్రుడు. "ఆ ఊర్ల ఏమున్నదన్నా? కొంగల్ని చూడనీకి ఫ్రాన్స్ దాకా పోవాల్నా?" అన్నాడు.

"పక్కింటి ఆవిడ ఊరు. చిన్న పనుంది."

"సరే, ఫిఫ్టీ మినిట్స్ ఇస్తా. లేటైతే స్విట్జర్లాండ్‌ల పార్కింగ్ దొరకది, మల్ల నన్ను అనొద్దు."

ఊరు చేరేసరికే పది నిమిషాలు లేటు. వాగు పక్కన, పొడుగాటి ఇటుక పొగగొట్టం కింద వ్యాన్ ఆపాం. ఆకలన్నారు. పొద్దున హోటల్ గదిలో రైస్ కుక్కర్‌లో వండుకొచ్చిన పులిహోర పార్కింగ్‌లోనే గోడ మీద కూర్చుని తిన్నాం. తర్వాత కొంగలు. గూడు వెనకాల వచ్చేలా ఒక్కొక్కళ్లం, జంటలుగా, ఆపైన అందరం కలిసి, ఆపైన అందరం ఎగిరి. ఎగిరిన ఫొటోలో ఒకళ్ల కాళ్లు నేల మీదే ఉన్నాయని మళ్లీ ఎగిరాం. తీసింది నేనే. ఇంకొకటి, ఇంకొకటి అన్నదీ నేనే. అదీ చెప్పాలి, లేకపోతే నేరం షీట్ మీదికి నెట్టినట్టవుతుంది.

చర్చి వైపు పరుగెత్తేసరికి ఎనిమిది నిమిషాలున్నాయి. రాయి కనిపించింది. ముందువైపు పేర్ల వరుసలు. ఫొటో తీశాను. అప్పుడు ఫోన్ మోగింది.

"అన్నా, వ్యాన్ స్టార్ట్ చేసిన. అందరు కూసున్నరు, నువ్వే."

వెనకవైపుకు పది అడుగులు కూడా ఉండవు. వెళ్లి వస్తే ఒక్క నిమిషం. ఆ నిమిషం లేక కాదు. వ్యాన్‌లో ఏడుగురు నా కోసం చూస్తున్నారు, ఎక్కగానే నలుగురూ నాలుగు మాటలంటారు. ఆ మాటలు పడలేక వెనక్కి తిరిగాను. ఒక మనిషి పేరు కంటే నాకు నా మర్యాద ఎక్కువైంది.

"చూశావా?" అంది నా భార్య.

"ఆ, చూశా."

"అయితే టిక్ పెడుతున్నా," అన్నాడు మిత్రుడు. పద్నాలుగో వరుస ఆకుపచ్చగా మారింది.

తిరిగి వచ్చిన రోజు ఆంటీ వరండాలో కుర్చీ వేసుకుని ఉంది. సూట్‌కేసులు దింపక ముందే పిలిచింది. ఆవిడ దగ్గరికి నడిచేటప్పుడు ఏం చెప్పాలో నాకు తెలియదు. ముఖం పక్కకు తిప్పి అంచు చూపుతో నన్ను వెతుక్కుంటుంటే నోరు దానంతటదే కదిలింది.

"ఉంది. కింద నుంచి మూడోది. చెయ్యి పెట్టాను."

"రాయి చల్లగా ఉందా?"

"లేదు. ఎండకు వేడిగా ఉంది."

ఎవరడిగారు నన్ను ఆ వేడి గురించి? చల్లగా ఉందన్నా సరిపోయేది. అబద్ధం నమ్మించాలంటే కొంచెం రంగు వేయాలని నాకు ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చినట్టుంది.

"అక్కడ ఎప్పుడూ నీడే ఉండేదే," అంది ఆంటీ ఆలోచిస్తూ. "అయితే ఆ చెట్టు కొట్టేసి ఉంటారు."

నా అబద్ధంలోని చిరుగును తనే కుట్టుకుంది.

ఆ వారమే ఆవిడ ఒక అట్టపెట్టె చూపించింది. తల్లి రాసిన ఉత్తరాల నకళ్లు, తండ్రి పోయాడని సైన్యం పంపిన కాగితం, ఇంకా ఏవో. "ఇక వీటితో పనిలేదు. అమ్మ గెలిచింది. నేను మోయలేను, నీలం డబ్బాలో వేసెయ్," అంది. పెట్టె ఎత్తాను. మా గరాజ్ ముందు రీసైకిల్ డబ్బా మూత తెరిచి, ఆగాను. పైనున్న కాగితం మీద సిరా గోధుమరంగుకు తిరిగింది, అక్షరాలు మాత్రం వరసగా, ఎక్కడా వంకర లేకుండా ఉన్నాయి. అప్పుడైనా చెప్పొచ్చు. ఆవిడ ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఉంది. పెట్టె బోర్లించాను. మంగళవారం చెత్త లారీ వచ్చింది. నేను మీటింగ్‌లో ఉన్నాను, డబ్బా ఎత్తి కుదిపిన చప్పుడు విన్నాను.

చలికాలంలో మనసు కుదురులేక ఆ ఊరి ఆఫీసుకు మెయిల్ రాశాను, కంప్యూటర్ చేత ఫ్రెంచ్‌లోకి మార్పించి. వెనకవైపు ఫొటో పంపమని. పేరు ఉంటే నా అబద్ధం నిజమైపోతుందని ఆశ. ఆవిడ కోసం కాదు, నా కోసమే రాశాను. వారానికి జవాబు వచ్చింది, ఫొటోతో సహా. వెనకవైపు ఖాళీ. పక్కన చెట్టు ఉంది, రాతి మీద నీడ పడుతోంది. ఉద్యోగి మర్యాదగా ఇంకో మాట రాశారు. వదిలేసిన పేర్లను ఇప్పుడు చెక్కిస్తున్నామనీ, కుటుంబం దగ్గర సైన్యం కాగితమో, అప్పటి ఉత్తరాలో ఉంటే పంపమనీ.

నా భార్యకు మెయిల్ చూపించి అంతా చెప్పాను. మెయిల్ రెండుసార్లు చదివింది. "వెళ్లి చెప్పు," అంది చివరికి. "నేను తోడు రాను."

ఆంటీకి అంతా, మెయిల్ సంగతితో సహా, నిలబడే చెప్పాను. విన్నాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "చెట్టు ఉందా?"

"ఉంది."

"మరి ఆ వేడి?"

"కల్పించాను."

చేతికర్రను నేలకు గట్టిగా ఆనించింది. "చూడలేదని చెప్పినా ఆ పెట్టె ఇక్కడే ఉండేది. పేరు లేదని చెప్పినా ఉండేది. మా నాన్న మీద అబద్ధం చెప్పినవాడికి కనీసం ఆయనంటే కోపమో, అసూయో ఉండి ఉంటుంది. నీకేముంది?"

వ్యాన్ స్టార్ట్ చేశారని చెప్పలేను కదా.

"వెళ్లు," అంది.

మూడు వారాలు తలుపు తీయలేదు. నాలుగో వారం ఫోన్ చేసి, "నీ కంప్యూటర్ తీసుకురా," అంది. చిన్నప్పుడు తల్లి ఉత్తరాలకు నకళ్లు రాసింది ఆంటీయేనట. దస్తూరీ బాగుంటుందని తల్లి ఆ పని అప్పగించేది. డబ్బాలో పారేసిన ఆ వంకర లేని అక్షరాలు ఒక చిన్నపిల్లవి. రాసీ రాసీ ఆవిడకు అవన్నీ కంఠతా వచ్చు. ఇప్పుడు శనివారాలు ఆవిడ ఇంగ్లిష్‌లో చెబుతుంటే నేను టైప్ చేస్తున్నాను. జ్ఞాపకం కాగితంతో సమానం కాదని ఇద్దరికీ తెలుసు. కానీ ఏ ఏడాది, ఎవరి పేర ఏ ఉత్తరం వెళ్లిందో తెలిస్తే, అసలువి తమ పాత దస్త్రాల్లో వెతుకుతామని ఆ ఊరివాళ్లు రాశారు. దొరుకుతాయో లేదో తెలియదు. ఆవిడకు వచ్చే నెల తొంభై నిండుతాయి.

నన్ను క్షమించలేదు. నేను అడగలేదు. ఇదివరకటిలా టీ ఇవ్వదు. మొన్న పని మధ్యలో ఆపి, "నిజంగా ఏం చూశావు ఆ ఊళ్లో?" అంది.

"కొంగలు. పార్కింగ్."

"పార్కింగ్ ఎక్కడ?"

వాగు పక్కన, ఇటుక పొగగొట్టం కింద అని చెప్పాను. "అది మిల్లు. మా నాన్న ఆ గేటులోంచే పనికి వెళ్లేవాడు. అక్కడేం చేశావు?"

"అన్నం తిన్నాం."

అబద్ధం చెప్పడానికి నాకు ఏమీ మిగలలేదని ఆవిడకు అర్థమై ఉంటుంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుని, మేము ఆపిన ఉత్తరం రెండో పేరా నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. నేను టైపింగ్‌లో వెనకబడ్డాను. ఆవిడ ఆగి, "చదువు, ఏం రాశావో," అంది. చదివాను. ఒక మాట వదిలేశాను. పట్టుకుంది. "మళ్లీ మొదటి నుంచి," అంది.