గరుకు అద్దం మీద నిటారుగా నిలబడ్డ మా అక్క

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో మొదట నవ్వేది నేనే. ఇరవై ఏళ్లకు పైగా వరంగల్‌లో ఫోటోలు తీసి బతుకుతున్నాను. పెళ్లిళ్లే కాదు, శవాలనూ తీశాను. పోలీసులు పిలిస్తే మార్చురీలోకి ఒక్కణ్ణే వెళ్లి పని ముగించుకుని, బయట చాయ్ తాగి ఇంటికి వచ్చేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది పోయిన ఎండాకాలం, పట్టపగలు, పదిమంది ముందు జరిగింది. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ముందు మా అక్క సరోజ సంగతి చెప్పాలి. మాది వర్ధన్నపేట దగ్గర పల్లె. నేను పదో తరగతిలో ఉండగా అక్క ఎనుమాముల వైపు ఒక పత్తి మిల్లులో పనికి పోయేది. గింజల నుంచి దూదిని వేరుచేసే మిషన్లు ఉంటాయక్కడ. ఒకరోజు చెయ్యి పెట్టి పత్తి లాగుతుంటే చున్నీ మిషన్లో చిక్కుకుని చనిపోయింది. అప్పటికి ఇరవై రెండేళ్లు.

మిల్లు సేటు అందరికీ ఒకటే మాట చెప్పాడు. "పొల్ల నిద్రమబ్బుల చెయ్యి పెట్టింది. మేమేం జేస్తం?"

కేసు అక్కడితో ఆగిపోయింది. ఆ మాట మాత్రం ఆగలేదు. మా ఊళ్లో ఎవరి పిల్ల పనిలో కునుకు తీసినా "సరోజ లెక్క జేస్తవా ఏంది?" అనేవాళ్లు. చివరికి అదొక సామెత అయిపోయింది. అది చెవిన పడినప్పుడల్లా అమ్మ విస్తరి ముందు నుంచైనా లేచి వచ్చేసేది. కొన్నాళ్లకు చుట్టాల ఇళ్లకు పోవడమే మానేసింది. తెల్లారకముందే లేచి, ఇంటెడు చాకిరీ చేసి మిల్లుకు పరుగెత్తిన పిల్లకు చచ్చాక నిద్రమొహం అన్న పేరు మిగిలింది. సేటు మీద నాకున్నది బాధ కాదు, పగ. అది ఏళ్లు గడిచినా తగ్గలేదు.

పోయిన ఎండాకాలం ఆ మిల్లు నుంచే ఫోన్ వచ్చింది. ఆఫీసులో సేటు తండ్రి ఫోటో ఒకటి ఉందట, పాతకాలపు పెద్ద చెక్క కెమెరాతో తీసింది. పనివాళ్లతో కలిసి తనదీ అలాంటిదే కావాలని సేటు అన్నాడట. నా దగ్గర ఆ కెమెరా ఉంది, మా గురువుగారు పోతూ పోతూ ఇచ్చారు. నేనెవరి తమ్ముణ్ణో సేటుకు తెలియదు. రానని చెప్పేస్తే సరిపోయేది. కానీ వాడు ఎట్లా ఉన్నాడో, రాత్రిళ్లు నిద్ర పడుతోందో లేదో, ఆ మొహం చూడాలనిపించింది.

ఉదయం పదిన్నరకు సూపర్‌వైజర్ షెడ్డు ముందు కుర్చీ వేయించాడు. సేటు కూర్చున్నాడు. వెనుక ఎనిమిదిమంది పనివాళ్లు నిలబడ్డారు. ఈ కెమెరా వెనుక ఒక గరుకు అద్దం ఉంటుంది. ఎదురుగా ఉన్నది దాని మీద తలకిందులుగా పడుతుంది. బొమ్మ చాలా మసక. పక్క నుంచి కాస్త వెలుతురు దూరినా కనిపించదు. అందుకే తల మీదుగా నల్లగుడ్డ కప్పుకుని, అంచులు గడ్డం కింద పిడికిట్లో బిగించి చూడాలి. ఆ రోజు ఎండకు గుడ్డను రెండు మడతలు వేసుకున్నాను.

సేటు తలకిందులు, పనివాళ్లు తలకిందులు, షెడ్డు తలకిందులు. కుర్చీ పక్కన ఒకామె మాత్రం నిటారుగా నిలబడి ఉంది.

గుడ్డ తీసి చూశాను. కుర్చీ పక్కన ఎవరూ లేరు. అసలు అద్దంలో నిటారుగా కనిపించాలంటే బయట మనిషి తలకిందులుగా వేలాడుతూ ఉండాలి. అక్కడ చెట్టు లేదు, దూలం లేదు, ఉత్త ఆకాశమే.

మళ్లీ గుడ్డ కప్పుకున్నాను. ఆమె ఉంది. మరకేమోనని అద్దాన్ని వేలితో తుడిచాను. పోలేదు. ఫోకస్ మర తిప్పితే అందరూ అలుక్కుపోయారు, ఆమె కాస్త కూడా చెదరలేదు. భూతద్దం పెట్టి చూశాను. జుట్టు నిండా దూది. మెడ మీద చున్నీ లేదు. పై పెదవి మీద, చిన్నప్పుడు గడప తగిలి పడిన గాటు. మా అక్క. సేటునే చూస్తోంది.

భయం వేసింది. దాచడమెందుకు, సంతోషం కూడా వేసింది.

మా గురువుగారికి ఒక అలవాటుండేది. ఫోటో తీసే ముందు, కూర్చున్న పెద్దమనిషిని గుడ్డ కిందకు పిలిచి అద్దం చూపించేవారు. తలకిందులున్న మనుషుల్ని చూసి నవ్వుకుంటారు, మొహంలో బిగువు పోతుంది, ఫోటో బాగా వస్తుంది. నేనూ అదే పద్ధతి పాటిస్తాను. ఆ రోజు మానేయాల్సింది. మానలేదు.

"సేటూ, జర ఒకసారి వచ్చి చూడుండ్రి" అన్నాను.

సరదాపడుతూ వచ్చాడు. తల మీద గుడ్డ కప్పాను. అంచులు నేనే పట్టుకున్నాను.

"అరె, అందరు ఉల్టా ఉన్నరు!" అని పెద్దగా నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగింది. "సీదాగ నిలబడ్డ గా పొల్లెవరు?" అన్నాడు. "ఇటే వస్తాంది" అంటూ తల వెనక్కి లాగబోయాడు.

"వెలుగు పడ్తది సేటూ, కదలకుండ్రి" అన్నాను. అంచులు ఇంకా బిగించాను. చేతులు వెనక్కి విసిరి నన్ను కొట్టాడు. కెమెరా స్టాండు ఊగింది. అయినా వదల్లేదు. నేనట్లా ఒక నిమిషమైనా పట్టుకున్నానని తర్వాత సూపర్‌వైజర్ అన్నాడు. నాకైతే చాలలేదు.

గుడ్డ లోపలి నుంచే అరిచాడు. "మిషన్ బంద్ చెయ్యకుండనే పత్తి గుంజమన్నది నేనే! వద్దు సేటూ అన్నది, నేనే తిట్టి చెయ్యి పెట్టిచ్చిన! అది నిద్రపోలే! నన్నిడిసిపెట్టు సరోజా!"

అప్పుడు వదిలాను. మట్టిలో కూలబడ్డాడు. పనివాళ్లలో ఎల్లమ్మ అనే ముసలామె ఒకప్పుడు అక్క పక్కనే పనిచేసిందట. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇన్నేండ్లకు వాని నోట్లకెల్లే వచ్చింది" అంది.

సేటు మనుషులు ఎండదెబ్బ అన్నారు. వారం రోజులు దవాఖానలో ఉన్నాడట. ఏమైనా అనుకోనీ. ఎనిమిదిమంది చెవులారా విన్నారు, రెండు రోజుల్లో ఆ మాట మా ఊరు చేరింది.

కెమెరా మొత్తం విప్పి చూశాను. ఎక్కడా చిల్లు లేదు, అద్దంలో లోపం లేదు. నా పగే నాకు అక్కను చూపించిందనుకుందాం. మరి సేటుకు చూపించిందెవరు? నేనేం చూశానో ఎవరికీ చెప్పలేదు. నిటారుగా ఉందన్నది సేటే.

అమ్మకు అంతా చెప్పాను. ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "నిన్ను జూసిందా కొడుకా?"

"చూసిందే అమ్మా. నవ్వింది" అన్నాను.

అది అబద్ధం. నేను చూసినంతసేపూ అక్క చూపు సేటు మీదే ఉంది. ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా కోసం మాత్రం రాలేదు.