ఎర్ర చీటీ కట్టిన స్టవ్

ఆ రోజుల్లో నాకు ఆకలి కన్నా పౌరుషం ఎక్కువ. నాచారంలో బోల్టులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం. సరైన బోల్టును పంపడం, తేడా ఉన్నదానికి ఎర్ర చీటీ కట్టి పక్కన పెట్టడం నా పని. (లోకంలో ఎర్ర చీటీ కట్టాల్సిన మనుషులు ఎందరున్నారో అప్పుడే తెలిసింది.) ఉప్పల్‌లో మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. ఒకరోజు కూర చప్పగా ఉందన్నాను. అత్త గరిటె కింద పెట్టి, "నీకు నీళ్లు కాగవెట్టుడు గూడ రాదు గని, వంకలు వెట్టుడు మస్తుగ వస్తది అల్లుడా" అంది. అంతే, నాచారంలో గది తీసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం మామా అత్తా వచ్చి నా చేతి వంట తినాల్సిందేనని చెప్పి మరీ బయటపడ్డాను.

ఇంటి ఓనరు గ్యాస్ పెట్టుకోవద్దన్నాడు. అందుకని శనివారం ఉప్పల్‌లో ఇండక్షన్ స్టవ్ కొన్నాను. ఆదివారం పొద్దున బియ్యం కడిగి, ఊరి నుంచి తెచ్చుకున్న సత్తు (అల్యూమినియం) గిన్నెలో పోసి దాని మీద పెట్టాను. కుయ్‌మని అరిచి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను, మళ్లీ కుయ్. పదకొండు సార్లు పరీక్షించి, ప్రతిసారీ టైము రాసుకున్నాను. ఆఖరికి జేబులోంచి ఎర్ర చీటీ తీసి "పనికిరాదు" అని రాసి, స్టవ్ వైరుకు కట్టి, సాక్ష్యంగా గిన్నెను బియ్యంతో సహా పట్టుకుని బస్సెక్కాను. ("ఏందన్నా, బస్సులనే వండుతవా?" అన్న ఆ కండక్టరు మొహం ఇప్పటికీ గుర్తుంది.)

దుకాణంలో అందరికీ వినపడేలా అరిచాను. షాపాయన ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మ తీసి నా గిన్నెకు పెట్టాడు. అది జారి నా చెప్పు మీద పడింది.

"సత్తు గిన్నెతోని ఇది నడవదన్నా. అయస్కాంతం అంటుకునే గిన్నె గావాలె. డబ్బా మీద రాసుంది సూడు."

"గంత సిన్నగ రాస్తె ఎవనికి కనవడ్తది?"

"మరి బోల్టులెట్ల సూస్తున్నవన్నా?" (నా ఉద్యోగం గురించి అరుపుల్లో నేనే చెప్పానట.) "మంచి స్టీలు గిన్నె ఉంది, తీస్కపో."

ఆయన దగ్గర కొంటే ఓడిపోయినట్టే కదా! ఎండలో తిరిగి తిరిగి నాలుగో దుకాణంలో కొన్నాను. గదికి చేరేసరికి రెండున్నర దాటింది.

మెట్ల మీద మామ, అత్త కూర్చుని ఉన్నారు. అత్త పక్కన టిఫిన్ క్యారియర్. "ఎక్కడ వోయినవ్‌రా, పాణం వోతుంది ఆకలికి" అన్నాడు మామ. అత్త స్టవ్‌ను, చీటీని, నానిపోయిన బియ్యాన్ని వరసగా చూసింది. ఇప్పుడు అంటుంది అనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. అనలేదు. క్యారియర్ విప్పి, పప్పుచారు కలిపిన అన్నం ముందు నాకే పెట్టింది.

ఒక్క మాట అని ఉంటే పోట్లాడి గెలిచేవాణ్ణి. ఆ అవకాశం ఇవ్వనందుకు ఆమెను ఇప్పటికీ క్షమించలేదు. ఆ పప్పుచారు తలుచుకుంటే మాత్రం ముందు నోరూరుతుంది, ఆ తర్వాతే కోపం వస్తుంది. (కోపమే ముందు రావాలని ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను.)