మా ఆయన ప్రెస్సు మిషను

మా ఆయనకు ఇంకొకతె ఎవరైనా ఉండి ఉంటే జుట్టు పట్టుకుని కొట్లాడేదాన్ని. రేకులు ఒత్తే మిషనుకు జుట్టెక్కడిది? కాపురమంతా దాన్ని చూసి లోలోపలే కుళ్ళుకున్నాను.

కార్ల ఫ్యాక్టరీలో దాని ముందే నిలబడి నిలబడి ఆయన రిటైరయ్యాడు. ఆయుధపూజనాడు మల్లెపూలు తెస్తే, దానికి చుట్టగా మిగిలిన ముక్క నా జడకు. దాని మోతకే ఆయన చెవులు పోయాయి. రాయపురంలో మాది చిన్న ఇల్లు. వంటింట్లోంచి నేను అరిచే అరుపులు వీధి చివరిదాకా వినబడతాయి, ముందు గదిలో కూర్చున్న ఆయనకు తప్ప. చెవికి పెట్టుకునే మిషను కొనిస్తే, గుయ్యిమంటోందని బీరువాలో పడేశాడు. మొగుడితో నాలుగు మాటలు చెప్పుకోవాలనే ఆశ నాలో ఎప్పుడో చచ్చిందనుకున్నాను. చావలేదు, అదే నా ఖర్మ.

ఆ ప్రెస్సు మిషను ఇప్పుడు పాత యంత్రాల మ్యూజియంలో ఉందని మొన్న ఎవరో చెప్పారట. ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. మా తమ్ముడి కూతురి పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు. దాని వైభోగమేమిటో చూద్దామని నేనూ వెంటపడ్డాను.

వైభోగమే. ఏసీ హాలు, కొత్తగా పచ్చరంగు, పైనుంచి లైటు, ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ తాడు. నా వంటగదికి ఇప్పటికీ ఫ్యాను లేదు. ఆయన తాడు దగ్గర నిలబడి దాన్ని చూసిన చూపు ఉందే, ఆ చూపు నా మీద ఎప్పుడు పడిందో గుర్తుచేసుకోబోయి మానేశాను.

చూపించడానికని మ్యూజియం అమ్మాయి స్విచ్చి వేసింది. ధన్ ధన్‌మని హాలంతా అదిరింది. ఆ మోతలో నా మాట నాకే వినబడదు. ఆ ధైర్యంతో, చూశావా అన్నట్టు నా వైపు తిరిగిన ఆయనతో పెదాలు మాత్రం కదిలించి అన్నాను.

"దీన్నే కట్టుకొనుంటే పోయేది గదా, నన్నెందుకు కట్టుకుంటివి?"

ఆయన నా చెవి దగ్గరికి వంగి, నవ్వుతూ అరిచాడు.

"ఏమ్మే, ఈ వయసులో మిషనుతో పోటీనా?"

బిత్తరపోయాను. మిషను ఆగాక ఎదురుగా నిలబడి అడిగాను.

"నేనన్నది నీకెట్టా తెలిసింది?"

"ఆ మోతలో చెవులతో పనేముంది? ఆడ అందరం ఒకరి మొగం ఒకరు చూసే మాట్లాడుకునేది. పెదాలు కదిలితే చాలు, అర్థమైపోతాది."

"మరి ఇంట్లో?"

"ఇంట్లో మొగం చూసే పనేముందిమే," అన్నాడు మామూలుగానే.

అంటే ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన ప్రతివాడూ ఆయనకు వినబడ్డాడు. చెవులు పోయాయని జాలిపడి, ఇన్నేళ్ళూ గొంతు చించుకున్నది నేనొక్కతెనే. ఏడవాలో తిట్టాలో తెలియలేదు. మళ్ళీ పెదాలతోనే, "ఇంటికి పోదాం రా" అన్నాను. ఆయన అప్పటికే మిషను వైపు తిరిగాడు.