పదిన్నర పౌన్ల తుపాకీ

మిస్సోరి కొండల్లోని ఆ కౌంటీలో మనిషి కొత్త చొక్కా కొనుక్కుంటే ఎవరూ పట్టించుకోరు. ట్రాక్టరు కొంటే ఒకరిద్దరు వచ్చి టైర్లు తన్ని చూసి పోతారు. తుపాకీ కొంటున్నారని తెలిస్తే మాత్రం ఊరు ఊరంతా పెళ్ళిపెద్దలైపోతుంది. కొనేది ఆడమనిషైతే ఇక చెప్పక్కర్లేదు. లొరీన్ పికెట్ అక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఈ సంగతి తెలియనిది కాదు. తెలిసి కూడా ఒక ఆదివారం చర్చి భోజనాల దగ్గర, చేతిలో బంగాళాదుంపల గిన్నె పట్టుకుని, "ఇంట్లోకి చిన్న రైఫిల్ ఒకటి తీసుకుందామనుకుంటున్నా" అని నోరు జారింది. ఆ ఒక్క మాటకి మూడు వారాలు అనుభవించింది.

లొరీన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. ఇరవయ్యారేళ్ళుగా బడి బస్సు నడుపుతోంది. ఆమె నడిపే పాత బస్సు తలుపు, డ్రైవరు కుడిచేత్తో ఇనప కడ్డీ లాగితేనే తెరుచుకుంటుంది. పొద్దున నలభై చోట్ల ఆపాలి, సాయంత్రం మళ్ళీ నలభై చోట్ల. అలా లాగీ లాగీ కుడి భుజంలో కండరం అరిగిపోయి చివరికి చిరిగింది. డాక్టరు ఫోటో తీసి చూపించి, వేసవి సెలవుల్లో ఆపరేషన్ చేద్దామన్నాడు. అప్పటిదాకా పై అరలోంచి పిండి డబ్బా తీయాలన్నా పళ్ళు బిగించాల్సిందే.

భర్త డ్వేన్ మిసిసిపీ నది మీద సరుకు పడవల్ని తోసే బోటులో ఇంజనీరు. ఇరవయ్యెనిమిది రోజులు నీళ్ళ మీద, పధ్నాలుగు రోజులు ఇంట్లో. ముప్పై మూడేళ్ళుగా ఇదే వరస. అయ్యో పాపం ఒంటరిగా ఉంటావు అని ఎవరైనా అంటే లొరీన్‌కి నవ్వొచ్చేది. ఆ ఇంట్లో ఒక్కతే కూర్చుని, పొయ్యి మీద బీన్స్ ఉడుకుతుంటే, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని రేడియో వినడం ఆమెకి ఇష్టం.

అలాంటిది, మార్చి నెలలో మైలు దూరంలో ఉన్న ముసలి ఐవా స్టిల్‌వెల్ ఇంట్లో పట్టపగలు దొంగలు పడ్డారు. రంపం మిషను, రాగి గొట్టాలు పోతే పోయాయి. అడ్డొచ్చిన ఐవాని తోసేసి తుంటి విరగ్గొట్టారు. కౌంటీ మొత్తానికి ఆ పూట ఉన్నది ఒక్క పోలీసు డిప్యూటీ, అతను ఆ చివర నుంచి ఈ చివరకి రావడానికి యాభై నిమిషాలు పట్టింది.

ఆ సాయంత్రమే డ్వేన్ ఫోన్ చేశాడు.

"రెండే దారులు లొరీన్. నువ్వు ఎత్తి కాల్చగలిగే తుపాకీ ఒకటి ఇంట్లో ఉండాలి. లేదంటే నేను బోటెక్కినప్పుడల్లా హోయిట్ వాళ్ళింటికెళ్ళి ఉండు."

"నీ జింకల తుపాకీ ఉందిగా."

"దాని తన్నుకి నీ భుజం ఊడి కింద పడుతుంది. వేరేది తీసుకో. నేనొచ్చాక నా ముందు ఎత్తి, పది లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకుని చూపించు. చూపించలేకపోతే మూట కట్టుకోవడమే."

హోయిట్ డ్వేన్ తమ్ముడు. అతనింట్లో పొద్దున నాలుగింటికి టీవీ పెడతారు, అందులో వాతావరణం తప్ప ఇంకోటి రాదు. అతని భార్య మార్వెల్లా ఫ్రిజ్‌లో అరలకి కూడా పేర్లు రాసి అంటిస్తుంది. ఎవరు బాత్రూములో ఎంతసేపున్నారో భోజనాల దగ్గర చెబుతుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ కొంపలో ఉండటం కంటే ఐవా తుంటి నయమనిపించింది లొరీన్‌కి.

ఆ వచ్చిన ఆదివారమే చర్చిలో నోరు జారింది, మర్నాడు బస్సు దిగీ దిగగానే దాణా దుకాణానికి వెళ్ళింది. కోళ్ళ మేత బస్తాల వెనక గదిలో ఆర్లిస్ టకెట్ అనే పెద్దాయన తుపాకుల కౌంటరు నడుపుతాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. లొరీన్ చెప్పింది విని, ముందు ఆమె భుజం వంక చూశాడు. ఒక్కొక్క తుపాకీ ఖాళీదని తెరిచి చూపించి, చేతికిచ్చి, "ఎత్తు" అని, తనలో తాను లెక్కపెట్టుకున్నాడు. మొదటిదానికి నాలుగు. రెండోదానికి ఆరు. మూడోది పొట్టిది, నల్లది, సరిగ్గా ఆరు పౌన్లు. అది పట్టుకుని లొరీన్ పన్నెండు దాకా నిలబడింది.

"ఇదీ నీ తుపాకీ," అన్నాడు ఆర్లిస్. "ముందువైపు చిన్న లైటు, భుజాన వేసుకోవడానికో పట్టీ. ఇంక దీన్నేం చెయ్యొద్దు."

"లైటెందుకు? ఇంట్లో దీపాలున్నాయిగా."

"కాల్చేది ఎవర్నో తెలియాలి కదా తల్లీ."

కాగితాలు నింపుతుండగా హోయిట్ ఊడిపడ్డాడు. చర్చిలో మాట ఎంత తొందరగా పాకుతుందో దేవుడికే తెలియాలి.

"నన్ను పిలవకుండా వచ్చావేంటి వదినా?"

"పిలిస్తే వస్తావని."

హోయిట్ నవ్వేశాడు. అతను ఏదీ మనసులో పెట్టుకోడు, అదే అతనితో చిక్కు. తుపాకీని ఇటూ అటూ తిప్పి, పెళ్ళిచూపుల్లో అమ్మాయి నచ్చని మేనమామలా మొహం పెట్టాడు.

"స్కోపు లేదు, స్టాండు లేదు. ఇదేం తుపాకీ? బోడి తలలా ఉంది."

"నాకు బోడిదే కావాలి. భుజం నొప్పి నాయనా, బరువు ఎత్తలేను."

"బరువుంటేనే వదినా వెనక్కి తన్నదు. ఆ మాత్రం తెలియకపోతే ఎలా?"

లొరీన్ ఎనిమిదేళ్ళ వయసులో, తండ్రి చూస్తుండగా, కంచె మీద పెట్టిన డబ్బాల్ని వరసపెట్టి కొట్టిన మనిషి. ఆ సంగతి హోయిట్‌కీ తెలుసు. తెలిసినా ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు గుర్తుండదు.

ఆ కొండల్లో మగవాళ్ళు నీ మీద మాకు ప్రేమ ఉంది అని చచ్చినా నోటితో అనరు. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆడవాళ్ళు వంట గిన్నె పట్టుకెళ్ళినట్టు, ఎవరైనా తుపాకీ కొంటే మగవాళ్ళు తమ బీరువా తెరిచి, అందులోంచి ఏదో ఒక సామాను తీసుకెళ్ళి బిగించి వస్తారు. కాదంటే వాళ్ళ చేతి వంట ఉమ్మేసినంత అవమానం. బిగించాక ఊడదీస్తే ఇంకా పాపం, ఎందుకంటే మళ్ళీ వచ్చి చూస్తారు.

మొదట హోయిట్ తన పాత స్కోపు తెచ్చాడు. అది మూడొందల గజాల అవతల జింకని చూడటానికి పనికొస్తుంది. లొరీన్ ఇంట్లో అన్నిటికంటే పొడుగైన దూరం వంటింటి నుంచి వీధి తలుపు దాకా, పదకొండు అడుగులు. తర్వాత రెండు కాళ్ళ స్టాండు తెచ్చాడు. ఆ తర్వాత ఆర్లిస్ ఇచ్చిన చిన్న లైటు చూసి, "ఇది మిణుగురు పురుగు" అని ఊడబీకి, చెరుకుగడ ముక్కంత లైటు బిగించాడు. దాని మీట ఒక తీగ చివర, ఎక్కడో అవతలి పక్కన ఉంటుంది. చిన్నది తీసుకెళ్ళి తన ట్రక్కులో పడేసుకున్నాడు. చర్చి పెద్ద బ్రదర్ వెర్లిన్ ముందువైపు పట్టుకోవడానికి పిడి ఇచ్చాడు. పాటల బృందంలో ఇద్దరు కలిసి గోడ మీద ఎర్ర చుక్క పడే పరికరం, అదనపు తూటాలు పెట్టుకునే సంచీ తెచ్చారు. వచ్చిన ప్రతివాడికీ లొరీన్ తన భుజం గురించి చెప్పింది. ప్రతివాడూ తల ఊపి, "దేవుడు స్వస్థత ఇస్తాడు సిస్టర్" అంటూ స్క్రూ బిగించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం వాడు ఊదినవాడి బుగ్గలైనా చూస్తాడు. వీళ్ళు అదీ చూడలేదు.

మూడో వారంలో, డ్వేన్ చేపలు తూచే కొక్కేనికి ఆమె ఆ తుపాకీని తగిలించింది. ముల్లు పదిన్నర పౌన్ల దగ్గర ఆగింది. ఎత్తి లెక్కపెట్టబోతే మూడు దగ్గరే చెయ్యి జారింది. డ్వేన్ వచ్చే శనివారం ఇంక ఐదు రోజులే ఉంది.

బోటుకి ఫోన్ చేసింది.

"హోయిట్ చెప్పాడు, బ్రహ్మాండంగా తయారు చేశారటగా," అన్నాడు డ్వేన్ సంబరంగా.

"హోయిట్ సంగతి కాదు, నన్నడుగు. ఎత్తలేకపోతున్నా."

"ఏంటీ? ఇంజను పక్కనున్నా, వినబడట్లేదు. శనివారం చూస్తాలే."

లొరీన్ ఫోన్ పెట్టేసింది. ఎవడేమనుకున్నా సరే, బుధవారం ప్రార్థన అయిపోగానే అన్నీ ఊడదీసి అట్టపెట్టెలో పడేయాలనుకుంది. బుధవారం దాకా ఆగడం దేనికంటే, ప్రార్థన దగ్గర బ్రదర్ వెర్లిన్ పిడి ఎలా ఉందని అడుగుతాడు, చర్చిలో అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు.

మంగళవారం పొద్దున బస్సు పని ముగించుకుని వచ్చి, పదకొండింటికి ఉల్లిపాయ తరుగుతోంది. వంటింటి వెనక ఒక ఇరుకు గది ఉంది. అందులో పెద్ద ఫ్రీజరు, కోట్లు, బూట్లు. కిటికీకి అడ్డంగా కోట్లు వేలాడుతుంటాయి కాబట్టి పట్టపగలు కూడా అక్కడ చీకటే. ఆ గది తలుపు కిర్రుమంది. తర్వాత ఒక అడుగు. కాస్త ఆగి ఇంకో అడుగు.

ఆ ఊళ్ళో చుట్టాలెవరైనా వెనక తలుపులోంచే వస్తారు. కానీ వాకిట్లో ఉండగానే "ఎవరున్నారు ఇంట్లో" అని అరుస్తూ వస్తారు. అరవకుండా వచ్చేది చుట్టం కాదు. బయట బండి చప్పుడు కూడా వినబడలేదు.

లొరీన్ చప్పుడు చేయకుండా పక్క అలమారలోంచి తుపాకీ తీసింది. ఐవా తుంటి గుర్తొచ్చింది. "ఎవరది?" అంది. జవాబు రాలేదు. కోట్ల మధ్య ఒక పొడుగాటి మగమనిషి ఆకారం కదిలింది.

ఆ క్షణంలో కాల్చాలనే నిర్ణయించుకుంది. ఈ మాట ఆమె తర్వాత ఎప్పుడూ దాచలేదు.

లైటు మీట కోసం వేళ్ళు వెతికాయి, దొరకలేదు. స్టాండు కాలు పొయ్యి కడ్డీకి వేలాడే తువ్వాలులో చిక్కుకుంది. దాన్ని లాగి, పళ్ళు బిగించి, మొత్తం బరువుని భుజానికెత్తబోయింది. లోపల ఏదో పుటుక్కుమంది. కుడిచెయ్యి నడుం దగ్గరే ఆగిపోయింది. ఎంత ఎత్తినా లేవలేదు. గొట్టం నేలకేసే చూస్తోంది.

ఆకారం వెలుగులోకి వచ్చింది. హోయిట్. మొహం నిండా నవ్వు.

"చచ్చిపోయావు వదినా. ఇదే నిజం దొంగైతే? నిన్ను పరీక్ష చేద్దామని బండి రోడ్డు మలుపులో వదిలి నడిచొచ్చా..."

ఆమె మొహం చూసి ఆగిపోయాడు. లొరీన్ తుపాకీని బల్ల మీద పెట్టి, తూటాలు తీసేసి, కుర్చీలో కూలబడింది.

"లేవలేదు," అంది.

"ఏంటి?"

"తుపాకీ లేవలేదు హోయిట్. లేస్తే కాల్చేసేదాన్ని."

హోయిట్ తను నిలబడిన చోటుని చూశాడు. తర్వాత తుపాకీని చూశాడు. నవ్వు మొహం మీద ఇంకా కొంచెం మిగిలే ఉంది, దాన్ని ఏం చేయాలో అతనికి తెలిసినట్టు లేదు. మెల్లిగా ఫ్రీజరు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

మూడు వారాలుగా లొరీన్ అన్న ప్రతి మాటా నిజమే. ఆమె అడిగిన తుపాకీని పాడు చేశారు, ఎత్తలేనట్టు చేశారు, లైటు వేసి చూడలేనట్టు చేశారు. లైటు మార్చినవాళ్ళు బరువు సంగతిలో ఆమె మాట విని ఉంటే హోయిట్ ఇప్పుడు ఆ బూట్ల మధ్య పడి ఉండేవాడు. ఆ సంగతి ఒప్పుకోవాల్సి రావడం ఆమెకి అన్నిటికంటే ఎక్కువ ఒళ్ళు మండించింది. అతన్ని తిట్టాలని నోరు తెరిచింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టింది. తన అత్తగారు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

తర్వాత డ్వేన్ పనిముట్ల పెట్టె తెచ్చి స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి సహకరించక తడబడుతుంటే హోయిట్ లేచి వచ్చి తుపాకీని కదలకుండా పట్టుకున్నాడు. స్కోపు, స్టాండు, పిడి, ఎర్ర చుక్క, సంచీ, పెద్ద లైటు ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి. అతను బయటికెళ్ళి, రోడ్డు మలుపు దాకా నడిచి, ట్రక్కులోంచి ఆర్లిస్ ఇచ్చిన చిన్న లైటు తెచ్చి తనే బిగించాడు.

"ఎత్తి చూడు," అన్నాడు నెమ్మదిగా.

ఖాళీ తుపాకీని లొరీన్ ఎడమ భుజానికి ఎత్తింది. అలవాటు లేని భుజమైనా సునాయాసంగా లేచింది. బొటనవేలికి మీట తగిలింది. వెనక గదిలో కోట్ల గుండీలు, ఫ్రీజరు పిడి, నేల మీద హోయిట్ బూటు వదిలిన బురద ముద్ర అన్నీ తెల్లగా కనిపించాయి. హోయిట్ ఆమె పక్కన నిలబడి అటే చూస్తూ లెక్కపెట్టాడు. పదికి ఆగలేదు. ఇరవై దాకా పోయాడు.

ఆ సాయంత్రం అన్నకి తనే ఫోన్ చేశాడట. ఏం చెప్పాడో తెలియదు. శనివారం డ్వేన్ వచ్చి పరీక్ష ఊసే ఎత్తలేదు, హోయిట్ వాళ్ళింటి ఊసూ ఎత్తలేదు. సామాను సంచీ దించి, "నీ భుజానికి ఐసు పెట్టనా" అన్నాడంతే. బ్రదర్ వెర్లిన్ మాత్రం తన పిడి వాపసు వచ్చినందుకు నెల రోజులు మొహం మాడ్చుకున్నాడు.

డ్వేన్ మళ్ళీ బోటెక్కిన మొదటి గురువారం, మార్వెల్లా చేసి పంపిన ఆపిల్ తీపి రొట్టె పట్టుకుని హోయిట్ వచ్చాడు. రోడ్డు మీద ఉత్తరాల పెట్టె దగ్గరే ట్రక్కు ఆపి హారన్ కొట్టాడు. లొరీన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి, వినబడింది చాల్లే అన్నట్టు చెయ్యూపింది. అతను ఇంటి దాకా హారన్ మీద చెయ్యి తియ్యకుండానే వచ్చాడు. ఆమె కూడా ఆపమనలేదు.