తుంగ మొలక

చేలో అడుగుపెట్టే ముందు ఊరంతా మట్టి పెద్దమ్మ అని పిలిచే ఆమె చెప్పులు విడుస్తుంది. వంగి గుప్పెడు మట్టి తీసి, వాసన చూసి, "అబ్బే" అని పెదవి విరిచి చేయి దులిపేసుకుంటుంది. రోజూ ఇదే వరస. ఆ చేను ఆమెదే. మధ్యలో గనికి పోయింది. బొగ్గంతా తవ్వుకున్నాక గొయ్యి పూడ్చి మళ్ళీ ఆమె చేతికే ఇచ్చారు. హద్దులు అవే, మట్టే వేరు. తడిస్తే జారుడు, ఎండితే బండరాయి. పెంట తోలించింది, పచ్చిరొట్ట ఎరువుకని జనుము చల్లి పూతకు రాగానే మట్టిలో కలిపి దున్నించింది. అయినా ఆమె మొహం విప్పారలేదు. "జనుము మనం వేస్తే వచ్చిందే. దానంతట అది ఏదో ఒకటి రావాలి" అనేది కోడలితో.

ఒకరోజు గట్టు వార తుంగ మొలిచింది. పాత చేలో నడుం పడిపోయేలా పీకుతూ, "నీ దుంప తెగ!" అని ఏళ్ళ తరబడి తిట్టిన కలుపు. పెద్దమ్మ అటూ ఇటూ చూసి దానికి చెంబుడు నీళ్ళు పోసింది. మర్నాడు వచ్చేసరికి కోడలు దాన్ని పీకి గట్టు మీద పడేసింది. "చూశావా అత్తా, ఒక్క కలుపు మొక్కను కూడా రానివ్వను!" పెద్దమ్మ గబుక్కున వంగింది. పీకిన చోటే వేలుపెట్టి కెలికింది. లోపల మళ్ళీ మొలిచే చిన్న తుంగ గడ్డ తగిలింది, చెక్కుచెదరలేదు. "అదీ తీసెయ్యనా అత్తా?" "ఉండనీవే తల్లీ" అంటూ మట్టి కప్పింది. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఆ పూట చేయి దులుపుకోలేదు.